టేక్ మాస్టారి పుస్తకంలో మూడో భాగం

మాస్టారు పోయారన్న కబురు నాకు ఆర్డరుగా వచ్చింది. రెండు రోజులు నూజివీడులో మా అక్క వాళ్ళింట్లో ఉండి, మంగళవారం పొద్దున్నే తిరువూరు తిరిగొచ్చి షాపు షట్టరు ఎత్తుతున్నాను. ఫోను మోగింది. తెలియని నంబరు నుంచి ఒక ఫొటో, దాని కింద రెండు లైన్లు. ఆదరణ కూటానికి కార్డులు కావాలి, ఒక ఫ్లెక్సీ కావాలి, బుధవారం సాయంత్రానికి అందాలి. నాది డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, చావు కార్డులు, స్కూలు ప్రశ్నపత్రాలు, అన్నీ ఆ ఒక్క కంప్యూటరు మీదే. అలవాటు కొద్దీ ఫొటో తెరవకుండానే "ఓకే అండి, చేసేద్దాం" అని కొట్టేశాను. కొట్టాక తెరిచాను. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, కెమెరాని కూడా ఏదో ప్రశ్న అడగబోతున్నట్టు చూస్తున్న మా ఇంగ్లీషు మాస్టారు.

ఆదివారం పొద్దున చర్చికి తయారై, కాఫీ తాగి, వరండాలో కుర్చీలో కూర్చున్నారట. కూతురు "నాన్నా, వెళ్దామా" అంటూ బయటికి వచ్చేసరికే అయిపోయింది. సోమవారం మధ్యాహ్నం సమాధి చేసేశారు. ఊళ్ళో సగం మంది వెళ్ళారట. ఆ సమయానికి నేను మా అక్క ఇంట్లో గారెలు తింటూ టీవీ చూస్తున్నాను. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆయనకి నేనెంత రుణపడి ఉన్నానో ఎవరికీ తెలియదు మరి. తెలియకుండా చూసుకున్నది నేనే.

చదివేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. ఇది ఆయన మంచితనాన్ని నాలుగు మాటల్లో పొగిడి దండం పెట్టి ఊరుకోవడానికి రాస్తున్నది కాదు. నేను ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది. ఆరేళ్ళు ఆలస్యమైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, తెలుసు.

ఊళ్ళో ఆయన్ని అందరూ 'టేక్ మాస్టారు' అనేవాళ్ళు. ఎందుకంటే ఆయన తొమ్మిదో తరగతికి మొదటి రోజు వస్తూనే పాఠ్యపుస్తకం తెరిచేవారు కాదు. బోర్డు మీద నాలుగే నాలుగు అక్షరాల ఇంగ్లీషు మాట రాసి, చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని అడిగేవారు.

"టేక్ అంటే ఏంటో ఎవరు చెబుతారు?"

మా క్లాసులో అరవై మందిమి ఒక్క గొంతుతో అరిచాం. "తీసుకొనుట!"

"అంతేనా? అంతే అయితే నేను జీతం తీసుకుని ఇంటికెళ్ళి పడుకుంటాను. మరి విజయవాడ వెళ్ళాలంటే టేక్ ఎ బస్ అంటాడు తెల్లవాడు. బస్సుని ఇంటికి తీసుకొస్తావా?"

"ఎక్కుతాం సార్."

"టేక్ ఎ టాబ్లెట్?"

"వేసుకుంటాం సార్."

"టేక్ ఎ ఫొటో? టేక్ ఎ సీట్? ఇట్ టేక్స్ టైమ్?"

తీస్తాం, కూర్చుంటాం, పడుతుంది. అరుస్తూ అరుస్తూ మేమే నోళ్ళు తెరుచుకుని ఆగిపోయాం. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి స్నానం సంగతి అడిగింది. "స్నానాన్ని కూడా తీసుకుంటాడమ్మా వాడు. మనం చేస్తాం" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. అప్పుడన్నారు: "తెల్లవాడికి మాటలు తక్కువ, పనులెక్కువ. అందుకని ఒక్క మాటని పాలేరులా అన్ని పనులకీ తిప్పుతాడు. మనకి ఏ పనికి ఆ మాట ఉంది. మీకు ఇంగ్లీషు రాదని ఏడవకండి. మీ దగ్గర ఉన్నవే ఎక్కువ. ఏది దేనికి సరిపోతుందో చూసుకోవడమే పని."

టేక్‌కి చిన్న చిన్న మాటలు తగిలించి ఆయన చేసే గారడీ ఇంకోటి. టేక్ ఆఫ్ అంటే చొక్కా విప్పడమూ అదే, విమానం లేవడమూ అదే. టేక్ ఆఫ్టర్ అంటే? "పిల్లకి అన్నీ మేనత్త పోలికలే వచ్చి చచ్చాయి అని మీ అమ్మ విసుక్కుంటుందే, అది" అనేవారు. అర్థం ఏమిటని అడిగితే ఆయనకి చిరాకు. "అర్థం అడక్కండి. ఎవరు, ఎవరితో, ఏ పని మీద అన్నారో అడగండి. అర్థం దానంతటదే వచ్చి కూర్చుంటుంది" అనేవారు. ఈ మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

ఆయన ఇంటికిచ్చే పని కూడా వింతగా ఉండేది. రాసుకు రావడం కాదు, వినుకు రావడం. మందుల షాపులోనో, రైసు మిల్లులోనో, పొలంలోనో మనవాళ్ళు అనే మాట ఒకటి పట్టుకు రావాలి. అది టేక్‌తో కుదురుతుందో లేదో ఆయన చూస్తారు. మా నాన్న రెడ్డిగూడెం మామిడి తోటల్లో అంట్లు కట్టేవాడు. ఒక రోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ "మొన్న కట్టినవన్నీ పట్టినయ్యే" అని అమ్మతో అన్నాడు. అదే పట్టుకెళ్ళి చెప్పాను. మాస్టారు కుర్చీలోంచి లేచారు. నిజంగా లేచారు.

"ద గ్రాఫ్ట్ హాజ్ టేకెన్! అమ్మాయ్, సరిగ్గా అదే మాట. అక్కడ తోటమాలి కూడా ఇదే అంటాడు. మీ నాన్నకి ఇంగ్లీషు వచ్చు, చెప్పు ఆయనకి."

చెప్పాను. మా నాన్న సంతకం కూడా కుంటుకుంటూ పెట్టే మనిషి. ఆ మాట విని సిగ్గుపడిపోయి, మర్నాడు ఒక సంచీ నిండా రసాలు పంపాడు మాస్టారికి.

రిటైరయ్యాక ఆయనకి పని ఇంకా పెరిగింది. ఆదివారం చర్చి అవగానే మోపెడ్ తీసి గంపలగూడెం వైపు ఒక వారం, ఎ.కొండూరు వైపు ఒక వారం, రెడ్డిగూడెం వైపు ఒక వారం వెళ్ళేవారు. పల్లెల్లో చర్చి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి ఇంగ్లీషు చెప్పడం, వాళ్ళ తల్లుల దగ్గర మాటలు ఏరుకోవడం. టేక్ ఫర్ గ్రాంటెడ్ అన్నదానికి తెలుగులో ఏం చెప్పాలో తెలియక రెండేళ్ళు తిరిగారట. చివరికి పత్తి ఏరి వస్తున్న ఒకామె మొగుడి గురించి చెబుతూ "ఇది ఎక్కడికి పోద్దిలే అనుకుంటాడు సార్" అందట. ఆయన బండి ఆపి రోడ్డు పక్కనే రాసుకున్నారు. నా షాపుకొచ్చి ఆ కథ చెబుతుంటే ఆయన మొహం చూడాలి!

అవును, అప్పటికి నేను షాపు పెట్టాను. మా మామగారు "ఆడదానికి కంప్యూటరెందుకు, నాలుగు గేదెలు కొనుక్కోక" అని సాధిస్తున్న రోజులు. మా ఆయనకి పని ఉంటే ఉంది, లేకపోతే లేదు. మాస్టారు తన కాగితాలు పెద్ద పొడుగు సంచీలో తెచ్చి నా టేబులు మీద పెట్టారు. టేక్ అనే ఒక్క మాట మీద పుస్తకం. మొదటి భాగంలో మామూలు అర్థాలు. రెండో భాగంలో చిన్న మాటలు తగిలి మారేవి. మూడో భాగంలో మన పల్లెల్లో దొరికినవి, ఎవరు చెప్పారో కూడా రాసి. అంటు పట్టడం అందులోనే ఉంది, మా నాన్న పేరుతో సహా. ఆ మూడో భాగం అంటే ఆయనకి ప్రాణం.

"విజయవాడలో పెద్ద పెద్ద వాళ్ళున్నారు కదా మాస్టారూ, నాకెందుకిచ్చారు?" అన్నాను.

"వాళ్ళు కొడతారమ్మాయ్. నువ్వు చదివి కొడతావు" అన్నారు.

ఆరు నెలలు వచ్చారు. ఎర్ర పెన్నుతో స్టూలు మీద కూర్చుని ప్రూఫు చూసేవారు. నా టైపింగులో ఒక్క కామా ఎక్కువ పడినా పట్టుకునేవారు. "కామా కూడా కూలీయే అమ్మాయ్. పెట్టినచోట పని ఉండాలి, ఊరికే నిలబెట్టకూడదు." డెబ్భై దాటిన మనిషి, అద్దాలు ముక్కు చివర పెట్టుకుని, ఎంత సన్న అక్షరాన్నైనా వదిలేవారు కాదు. చివరి ప్రూఫు మీద 'చూశాను, ప్రింటుకి పంపవచ్చు' అని రాసి సంతకం పెట్టి, తేలికైన మొహంతో ఇంటికెళ్ళారు.

మర్నాడు మధ్యాహ్నం ప్రెస్సు నుంచి ఫోను. "మేడం, మూడో భాగంలో ఒత్తులు కలిసిపోతున్నాయి. ఫాంటు మార్చి గంటలో పంపండి. పెళ్ళిళ్ళ సీజను, ఇవాళ మిషనెక్కకపోతే ఇంక నెల తర్వాతే." నా టేబులు మీద కూడా పెళ్ళి కార్డుల గుట్ట ఉంది. ఫైలు తెరిచాను, మొత్తం సెలెక్ట్ చేశాను, కొత్త తెలుగు ఫాంటు వేశాను. మొదటి పేజీ చూశాను. బాగుంది. పంపేశాను.

డీటీపీ తెలియనివాళ్ళకి చెప్పాలి. మా తెలుగు ఫాంట్లని ఇంగ్లీషు అక్షరాల మీద వేస్తే అవి ఏ భాషా కాకుండా పోతాయి. ఒత్తులూ గుడులూ ఒకదాని మీద ఒకటి పడి చెత్తకుప్ప అవుతుంది. అందుకని తెలుగు ముక్కల్ని మాత్రమే ఏరి మార్చాలి. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకి మొదటి రోజు చెప్పే జాగ్రత్త ఇది. మూడో భాగం మొదటి పేజీ ముందుమాట, అంతా తెలుగే. రెండో పేజీ తిప్పి చూస్తే తెలిసేది. తిప్పలేదు నేను. చదివి కొడతానని నమ్మి ఇచ్చిన మనిషి పుస్తకాన్ని చూడకుండా పంపాను.

పుస్తకాలు సరిగ్గా ఆవిష్కరణ రోజు పొద్దున్నే వచ్చాయి. కట్టలు సభలోనే విప్పారు. హైస్కూలు హాలు నిండిపోయింది. ముఖ్య అతిథి ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు. వచ్చే నెల నుంచి వాళ్ళ ప్రశ్నపత్రాలన్నీ నాకిస్తామని మాటయింది. ఆ పని దొరికితే నా షాపు నిలుస్తుంది, లేకపోతే గేదెలే. ఆయన మైకు ముందు నిలబడి పుస్తకం తిప్పుతూ తిప్పుతూ ఆగారు. నవ్వారు.

"మాస్టారూ, ఇది ఏ దేశం ఇంగ్లీషండీ? మాకెప్పుడూ నేర్పలేదే!"

హాలంతా నవ్వింది. మాస్టారు పుస్తకం అందుకుని చూశారు. ఒక పేజీ, ఇంకో పేజీ, ఇంకోటి. ఆయన తలెత్తి మూడో వరసలో నన్ను వెతికి ఒక్క క్షణం చూశారు. తర్వాత మైకు దగ్గరికెళ్ళారు.

"నా కళ్ళు నన్ను మోసం చేశాయండి. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఒకటికి రెండుసార్లు చూసుకోమని నాకు చెప్పింది కూడా. చివరి ప్రూఫు నేనే చూసి సంతకం పెట్టాను. కనపడలేదు."

కరస్పాండెంటు గారు "అయ్యో, పెద్దతనం కదండీ" అన్నారు. ఎవరో వెనకనుంచి "కళ్ళే ఆనట్లేదు, ఇంకా పుస్తకాలెందుకో" అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. లేచి ఒక్క మాట అనాలి. కాళ్ళు లేవలేదు అని రాద్దామనుకున్నాను గానీ అది అబద్ధం. కాళ్ళు బాగానే ఉన్నాయి. ప్రశ్నపత్రాలు గుర్తొచ్చి కూర్చున్నాను.

మర్నాడు ఆయనే షాపుకొచ్చారు. నేను ఏడుస్తూ తప్పు నాదేనని చెప్పాను.

"తెలుసుగా. నేను సంతకం పెట్టినప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి" అన్నారు.

"మరి అలా ఎందుకన్నారు మాస్టారూ? నేనిప్పుడే వెళ్ళి అందరికీ చెబుతాను."

"ఆ స్కూలు వాళ్ళు పేపర్లెప్పుడిస్తామన్నారు?"

"వచ్చే నెల."

"ఇచ్చాక చెప్పుకుందువుగాని. ఇప్పుడు చెబితే నీ పొట్ట కొట్టినట్టవుతుంది. ముందు ఆ మూడో భాగం పాత కాపీ ఒకటి తీసివ్వు. చూసి రాసుకుంటాను."

రాశారు. ఎవరికి పుస్తకమిచ్చినా ముందు మూడో భాగంలో చెడిపోయిన ప్రతి వాక్యం మీదా సన్నటి గీత గీసి, వరుసల మధ్య చీమంత అక్షరాలతో సరైనది రాసి అప్పుడిచ్చేవారు. కళ్ళు ఆనని మనిషి అంత సన్నగా ఎలా రాస్తాడని ఈ ఊళ్ళో ఒక్కరికీ తట్టలేదు. తట్టిన నేను నోరు మెదపలేదు.

అక్కడితో ఆగితే నా తప్పు ఒక పుస్తకంతో పోయేది. ఆగలేదు. మాస్టారి కూతురు పెద్దాసుపత్రిలో నర్సు. అమ్మగారు పోయాక ఆయన ఆ కూతురు దగ్గరే ఉండేవారు. యాక్సిడెంటు కేసులు రోజూ ఆమె చేతుల మీదుగానే వెళ్తాయి. సభలో జరిగింది విని ఆమె హడలిపోయింది. కళ్ళ డాక్టరుకి చూపిస్తే, వయసుకి తగ్గట్టు కాస్త పొర ఉంది, ఇప్పుడే కంగారేం లేదన్నాడట. ఆమెకి పొర అన్న మాటే వినిపించింది. మోపెడ్ తాళం అడిగి తీసుకుని బీరువాలో పెట్టేసింది. పది రోజుల తర్వాత ఆయన ఎండలో నడుచుకుంటూ షాపుకొస్తే నాకు తెలిసింది.

"బండేది మాస్టారూ?"

"అమ్మాయి దాచేసింది. సొంత పుస్తకంలో అక్షరాలే కనపడనివాడికి లారీలేం కనపడతాయి అంటోంది. న్యాయమైన ప్రశ్నే" అని నవ్వారు.

"అయ్యో! నేను వెళ్ళి అక్కకి నిజం చెప్పేస్తాను."

"పేపర్లొచ్చాయా?"

"వచ్చే వారం."

"సరే అయితే. రానీ."

వచ్చాయి. చెప్పలేదు. ఈ ఒక్క పరీక్ష కానీ, మంచి పేరు రానీ అనుకున్నాను. వచ్చింది. ఆ కరస్పాండెంటు గారు పదిమందిలో "నీ దగ్గర తప్పులుండవమ్మా" అన్నారు. ఆ మాట విన్నాక ఇంకా కష్టమైంది. మూణ్ణెల్ల పరీక్షలు, ఆర్నెల్ల పరీక్షలు, ఏడాది పరీక్షలు వస్తూనే ఉన్నాయి. మాస్టారు మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఇదిగో, ఇప్పుడు కూడా ఆయన మీదకే నెడుతున్నాను చూడండి.

కొన్నాళ్ళు షేర్ ఆటోల్లో గంపలగూడెం వెళ్ళారు. పదిమంది మధ్య ఒక తొడ మీద కూర్చుని, మోకాళ్ళు పట్టేసి, అదీ మానేశారు. పల్లెల పిల్లలు కొన్నాళ్ళు ఫోన్లు చేశారు, తర్వాత తగ్గిపోయాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చి వరండాలో కూర్చుని రోడ్డు చూసేవారు. వారం మధ్యలో నా షాపుకొచ్చి, జిరాక్సు కోసం వచ్చిన వాళ్ళని "ఏ ఊరమ్మా, మీ వైపు దీన్నేమంటారు" అని పలకరించేవారు. ఒకసారి ఒక ముసలాయన తన కొత్త కోడె దూడ "నాకు మచ్చికైంది" అన్నాడు. టేక్ టు, టేక్ టు అని మాస్టారు రోజంతా మురిసిపోయారు. మూడో భాగంలో ఇంకో వాక్యం చేరిందన్నారు. ఆ భాగం అచ్చులో ఎలా ఉందో మా ఇద్దరికీ తెలుసు. నేను కంప్యూటరు వైపు తిరిగి కూర్చున్నాను.

ఆరేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయన్ని నా బండి మీద రెడ్డిగూడెం తీసుకెళ్ళాను. వెనక కూర్చుని ఆయన చిన్నపిల్లాడైపోయారు. నేనింకా చూడకముందే ముందున్న బోర్డులన్నీ గట్టిగా చదవడం మొదలెట్టారు. ఎరువుల ప్రకటనలు, మైలురాళ్ళు, ఎదురొస్తున్న బస్సు మీద ఊరి పేరు. "అమ్మాయ్, గేదె అడ్డమొస్తోంది, నెమ్మది" అన్నారు. నాకు గేదె కనపడింది అది రోడ్డెక్కాక. హెల్మెట్ లోపల నా కళ్ళు నిండిపోయాయి. ఇంటి దగ్గర దింపినప్పుడు ఇవాళ చెప్పేస్తాననుకున్నాను. కూతురు గేటు దగ్గర ఎదురొచ్చి "జాగ్రత్తగా తీసుకొచ్చావమ్మా, థాంక్స్" అంది. "ఫర్వాలేదక్కా" అని వచ్చేశాను.

గురువారం ఆదరణ కూటానికి వెళ్ళాను. షామియానా కింద కుర్చీలు, ముందు నేను చేసిన ఫ్లెక్సీ. పాస్టరు గారి వాక్యమయ్యాక తెలిసినవాళ్ళు లేచి మాస్టారి గురించి సాక్ష్యాలు చెప్పారు. కరస్పాండెంటు గారు కూడా లేచి, పెద్దతనంలో చూపు మందగించినా పుస్తకం తేవాలన్న పట్టుదల వదలలేదని మెచ్చుకున్నారు. అప్పుడూ నేను లేవలేదు. రెండోసారి కూడా లేవలేదంటే ఇక నన్ను నేను ఏమని తిట్టుకోవాలో తెలియలేదు. అందుకే ఇది రాస్తున్నాను. కరస్పాండెంటు గారు ఈ పత్రిక తెప్పించుకుంటారని తెలుసు. చదవాలి. ఆ తర్వాత ప్రశ్నపత్రాలు ఎవరికిచ్చుకుంటారో ఆయన ఇష్టం.

భోజనాలవుతుండగా మాస్టారి కూతురు ఒక్కతే మెట్ల దగ్గర కనపడింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమే నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నకి నీ షాపంటే చాలా ఇష్టమమ్మా. అక్కడికే కదా వెళ్ళేవాళ్ళు పాపం. ఆదివారాలు ఊళ్ళు తిరిగే మనిషిని కట్టేసినట్టు కూర్చోబెట్టాను. బాధగానే ఉంటుంది. కానీ ఒకటే తృప్తి. ఆ కళ్ళతో బండి మీద పోనిచ్చి ఉంటే ఏ లారీ కిందో పడేవారు. ఇంట్లో, తన కుర్చీలో, ప్రశాంతంగా పోయారు. ఆ బండి తీసేసుకుని మంచి పని చేశాను."

చెప్పకూడదని ఒక మనసు. ఆమెకి మిగిలిన ఒక్క ఓదార్పునీ లాక్కోవడమే కదా. కానీ చెప్పకపోతే మాస్టారు గుడ్డివాడిగానే సమాధిలో ఉండిపోతారు. ఏది మంచితనమో, ఏది పిరికితనమో ఆరేళ్ళుగా కలిపి ముద్ద చేసుకున్న మనిషిని నేను. ఇక నన్ను నేను నమ్మలేక చెప్పేశాను. ఫాంటు సంగతి, ప్రూఫు సంగతి, సభలో ఆయన ఎందుకలా అన్నారో, నేను ఎందుకు కూర్చుండిపోయానో, అంతా.

ఆమె చెయ్యి తీసేసుకుంది.

"కనపడేవా ఆయనకి?"

"బాగా కనపడేవక్కా. నాకంటే బాగా."

"నాతో ఒక్కసారి కూడా అనలేదే. తాళం అడిగితే ఇచ్చేశారు. ఒక్క మాట అనలేదు."

"నా కోసమేనక్కా. నన్ను క్షమించమని అడగడానికి కూడా..."

"ఆయన ఉన్నప్పుడు చెబితే తాళం తిరిగిచ్చేదాన్ని" అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడు చెబితే నేనేం ఇవ్వను ఆయనకి?"

ఆమె నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. గంపలగూడెం వైపు నుంచి ఆడవాళ్ళు, పని మానుకుని వచ్చినట్టున్నారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచి ఎదురెళ్ళింది. ముందు దిగిన పెద్దామె ఆమె రెండు చేతులూ పట్టుకుని "మా పిల్లలకి చదువు చెప్పిన తండ్రి తల్లీ" అని ఏడవబోయింది.

"మా నాన్నకి కళ్ళు బాగానే కనపడేవండి" అంది మాస్టారి కూతురు.

పెద్దామెకి అర్థం కాలేదు. తల ఊపి "అవునమ్మా, అవును" అంది.

"చివరిదాకా బాగానే కనపడ్డాయి. నేనే బండి ఇవ్వలేదు."

వెనకామె దిగింది. కూతురు ఆమె చేతులు పట్టుకుని అదే మాట చెప్పింది. ఆ వెనకామెకీ అదే. తర్వాత బస్టాండు వైపు నుంచి నడిచొచ్చిన ఎవరో మగవాళ్ళకీ. వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ, దుఃఖంలో ఏదో అంటోంది పాపం అనుకుని, మెల్లగా తల ఊపి లోపలికి వెళుతున్నారు. ఆమె గేటు వదలలేదు. నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. కూటం అయిపోయినా మనుషులు వస్తూనే ఉన్నారు, ఆమె ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని చెబుతూనే ఉంది.